సముద్రం దాటి ఇంటికి

గత వేసవి చివరి రోజులలో ఒక సాయంత్రం, ఆలయంలో సంధ్యాహారతి ముగించి ఇంటికి వచ్చి కాళ్ళు కడుగుకొనుచుండగా మా తమ్ముని కోడలు వచ్చి వాకిట నిలబడింది. "పెదమామయ్యగారూ, రేపు తెల్లవారుజామున పిల్ల వస్తోంది. సముద్రం దాటి వెళ్ళి వస్తోంది కదా, ఇంట్లోకి రానిచ్చే ముందు ఏమైనా చేయించాలా?" అని అడిగింది. ఆమె చదువుకొన్న మనిషి, ఉపాధ్యాయురాలు. అయినా ఆ ప్రశ్నలో వేళాకోళం లేదు, భయం ఉంది. భయం ప్రాయశ్చిత్తం గురించి కాదని నాకు అప్పుడే అర్థమైంది. నెల రోజులు కంటికి కనిపించని బిడ్డ ఎలా తిరిగి వస్తుందో, ఆ బిడ్డే తిరిగి వస్తుందో లేదో అని ఆమె బెంగ.

పాఠకులలో చాలామంది ఇళ్ళలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో పుట్టే ఉంటుంది. అందుకే నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా మనుమరాలు డిగ్రీ చదువుతోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చెందిన మరి పదముగ్గురు విద్యార్థులతో కలిసి మలేషియా వెళ్ళింది. విహారానికి కాదు. పెరాక్ రాష్ట్రంలో బాగన్ డాతో అనే ప్రాంతముంది. కొబ్బరితోటలు, ఆయిల్ పామ్ తోటలు విస్తారంగా ఉన్న చోటు. తోటపనులకు వెళ్ళిన మన తెలుగువారి సంతతి అక్కడ మూడు నాలుగు తరాలుగా స్థిరపడి ఉంది. ఆ పిల్లలకు ఉదయం పూట తెలుగు అక్షరాలు నేర్పడం, సాయంత్రం రామభజన మందిరానికి సున్నం వేయడం, వయసు మళ్ళినవారి దగ్గర కూర్చుని వారికి జ్ఞాపకమున్న మాటలు వ్రాసుకోవడం వీరి పని. ఖర్చు ఎవరిది వారే పెట్టుకొన్నారు.

ఇక శాస్త్రం మాట. సముద్రయానం నిషిద్ధమని మన పెద్దలు ఊరకనే అనలేదు. బౌధాయన ధర్మసూత్రం పతనహేతువులైన కర్మలను లెక్కిస్తూ సముద్రయానాన్ని మొట్టమొదట పేర్కొన్నది. దానికి మూడేళ్ళ ప్రాయశ్చిత్తం విధించింది. నాలుగు పూటలకు ఒకసారి మితంగా భుజించాలి, ముప్పూటలా స్నానం చేయాలి, పగలు నిలబడి రాత్రి కూర్చుని గడపాలి. మనువు కూడా సముద్రయాత్ర చేసినవానిని శ్రాద్ధభోక్తగా పిలువరాదన్నాడు. తర్వాతి కాలపు నిబంధన గ్రంథాలు కలివర్జ్యాలలో చేర్చి, శుద్ధి చేసుకొన్నా సరే, నౌకాయానం చేసిన ద్విజుని పంక్తిలో చేర్చుకోరాదన్నాయి.

అయితే అదే బౌధాయనుడు ఉత్తరదేశంవారి ప్రత్యేకాచారాలు చెబుతూ వాటిలో సముద్రయానాన్నీ చేర్చాడు. అంటే ఆయన కాలానికే వెళ్ళేవారు వెళ్తూనే ఉన్నారు. మనువు కూడా మరొక చోట, సముద్రయానంలో నేర్పరులైనవారు వడ్డీని నిర్ణయిస్తే దానిని అంగీకరించాలన్నాడు. లేని వ్యాపారానికి వడ్డీ ఎక్కడిది? నిషేధానికి మూలం నీరు కాదు, నిత్యకర్మలోపం. ఓడ మీద అగ్నిహోత్రం నిలవదు, శుచియైన ఆహారం దొరకదు, సంధ్య తప్పుతుంది. ఇది నా అభిప్రాయం. కాదనే పండితులున్నారు, వారితో నాకు తగవు లేదు.

ఒక మాట మాత్రం చెప్పక తప్పదు. బౌధాయనుని ఆ జాబితాలోనే, సముద్రయానం పక్కనే, దాచుకొమ్మని ఇచ్చిన బ్రాహ్మణుని సొమ్ము కాజేయడమూ, భూమి విషయంలో అబద్ధమాడడమూ ఉన్నాయి. నేను నలభై ఏళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్నాను. విదేశం వెళ్ళి వచ్చామని ప్రాయశ్చిత్తం అడిగినవారు ఎందరో వచ్చారు. గట్టు జరిపాను, సరిహద్దు రాయి విషయంలో అబద్ధపు సాక్ష్యం చెప్పాను, ప్రాయశ్చిత్తం చేయించండి అని ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

గాంధీగారు 1888లో ఇంగ్లండు వెళ్ళినపుడు బొంబాయిలో కులపెద్దలు వెలివేశారు. 1891లో తిరిగి రాగానే అన్నగారు ఆయనను నాసిక్ తీసుకొనిపోయి గోదావరిలో స్నానం చేయించి, రాజకోట చేరిన తర్వాత కులభోజనం పెట్టారు. గాంధీగారికి అందులో నమ్మకం లేకపోయినా అన్నగారి మనసు కోసం అంగీకరించారు. మన ఇళ్ళలో ఈనాటికీ జరుగుతున్నది ఇదే. పిల్లలకు అవసరం లేకపోయినా పెద్దల మనసుకు ఒక స్నానం అవసరం. చేయిస్తే పోయేదేముంది? తెల్లవారగట్ల ప్రయాణం చేసి వచ్చిన పిల్ల ఎలాగూ తలస్నానం చేస్తుంది. "నాగావళి నీళ్ళు ఒక చెంబుడు కలుపమ్మా, చాలు" అన్నాను.

తర్వాత ఆమెకు ఋగ్వేదంలోని భుజ్యుని కథ చెప్పాను. మీరూ వినండి. తుగ్రుడనే రాజు తన కుమారుడైన భుజ్యుని నడిసముద్రంలో విడిచిపెట్టాడు. చచ్చేవాడు తన సొమ్మును విడిచిపోయినట్లు విడిచాడని కక్షీవంతుడనే ఋషి అన్నాడు. పట్టుకొనేందుకు ఆధారం లేదు, నిలిచేందుకు చోటు లేదు. అప్పుడు అశ్వినీదేవతలు నూరు తెడ్ల నావతో వచ్చి, మూడు రాత్రులు మూడు పగళ్ళు ప్రయాణం చేయించి అతనిని గట్టు చేర్చారు. మొదటి మండలం, నూటపదహారవ సూక్తం. ఎక్కడికి చేర్చారంటే అక్కడ వేదం వాడిన మాట 'అస్తం'. వేదభాషలో అస్తమంటే ఇల్లు. సూర్యుడు అస్తమించాడంటే మనం మునిగిపోయాడనుకొంటాము. ఆ మాట పుట్టినప్పటి అర్థంలో ఆయన ఇంటికి వెళ్ళాడు. అరసవల్లి సూర్యనారాయణమూర్తి సన్నిధికి అంత దగ్గరలో ఉండి కూడా ఈ మాట అర్థం నాకు పాతికేళ్ళు వచ్చేదాకా తెలియదు. మా గురువుగారు చెప్పిన రోజు సాయంత్రం ఏటిగట్టున నిలబడి సూర్యాస్తమయం చూసిన తీరు వేరు.

ప్రవాసం నుండి ఇంటికి వచ్చినవారి కోసం గృహ్యసూత్రాలు ఒక చిన్న విధిని చెప్పాయి. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం, ఊరి నుండి తిరిగి వచ్చిన తండ్రి కుమారుని అభిమంత్రించి, శిరస్సు మూర్కొని, కుడిచెవిలో మంత్రం చెప్పాలి. కుమార్తెకైతే వేరొక యజుస్సు చెప్పింది. ఆడపిల్లను మరచిపోలేదు. ఇక్కడ ప్రయాణం చేసినది తండ్రి కాదు, కూతురు. అయినా మా తమ్ముని కొడుకు తెల్లవారుజామున గుమ్మంలోనే దాని తల దగ్గరకు తీసుకొని మూర్కొన్నాడు. వాడికి సూత్రం తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. పది రోజులు గడిచాక ఇంకొక ఫిర్యాదు వచ్చింది. "పిల్ల పగలంతా పడుకొంటోంది. అడిగితే ఏడుస్తోంది. పెళ్ళికి తీసుకెళ్తే విస్తట్లో వదిలేసిన పదార్థాలు చూసి లేచి వచ్చేసింది. మేము చెప్పేదేదీ దానికి నచ్చడం లేదు" అని. వెంట వెళ్ళిన పిల్లల తల్లిదండ్రులను విచారిస్తే ఇంచుమించు అందరి ఇళ్ళలోనూ ఇదే కథ. ఒక కుర్రవాడైతే స్నేహితులతో కలిసి రాత్రి రెండింటిదాకా ఫోనులో అక్కడి సంగతులే మాట్లాడుతున్నాడట.

సుందరకాండ పారాయణ చేసేవారందరికీ మధువనం ఘట్టం తెలుసు. కాని దానిని తొందరగా చదివి ముందుకు పోతాము. ఒక్కసారి ఆగి చూడండి. సుగ్రీవుడు ఒక నెల గడువు పెట్టి యువకుల గుంపును దక్షిణానికి పంపాడు. గడువు దాటింది, ప్రాణాల మీద ఆశ వదులుకొన్నారు, చివరికి వారిలో ఒకడు సముద్రం దాటి కార్యం సాధించి వచ్చాడు. తిరుగుప్రయాణంలో వారు తిన్నగా రాజు దగ్గరకు రాలేదు. దారిలో మధువనంలో దిగారు. అంగదుడు సరేనన్నాడు. ఇక తేనె తాగారు, పాడారు, ఏడ్చారు, నవ్వారు, కాపలావారిని కొట్టారు. సుగ్రీవుని మేనమామ దధిముఖుడు దెబ్బలు తిని పరుగున వచ్చి మొరపెట్టుకొన్నాడు.

సుగ్రీవుడు కోపిష్టి. అయినా అప్పుడు కోపగించలేదు. పని నెరవేరకపోతే వీరికి ఇంత సాహసం రాదు, సీతమ్మను చూసే ఉంటారని ఊహించి, వెంటనే రమ్మని కబురు పంపాడు. హనుమంతుడు వచ్చి ముందుగా 'చూశాను' అనే చెప్పాడు. ఆ తర్వాత అంతా వివరంగా చెప్పాడు. రామచంద్రమూర్తి మధ్యలో ఆపకుండా విన్నాడు. ఇవ్వడానికి తన దగ్గర మరేమీ లేదని కౌగిలించుకొన్నాడు.

మా తమ్ముని కోడలిని అడిగాను: "అమ్మా, ఈ పది రోజులలో దానిని కూర్చోబెట్టి అక్కడ ఏమి జరిగిందో మొదటి నుండి చివరిదాకా విన్నారా?" ఆమె మాట్లాడలేదు. ఫోటోలు చూశారట. తిండి ఎలా ఉందని అడిగారట. నేను కూడా వినలేదు కనుక ఆమెను అనడానికి నాకు అర్హత లేదు. ఆ రాత్రి పిల్లను మా ఇంటికి పిలిపించాను.

అది ఒక కాగితం తెచ్చింది. అందులో పదకొండు పేర్లున్నాయి. అక్కడి వృద్ధులు తమ తాతల, తండ్రుల ఇంటిపేర్లు, ఊళ్ళ పేర్లు తమకు పలికినట్లు చెప్పగా వ్రాసుకొన్నవి. "పెద్దతాతగారూ, మా ఊరు ఎక్కడుందో వెదికి చెప్పమని అడిగారు. చెబుతామని మాటిచ్చాము. వచ్చి పది రోజులైంది, ఒక్కటీ దొరకలేదు. అందరూ అదంతా ఎందుకంటున్నారు" అని వెక్కివెక్కి ఏడ్చింది. దాని నిద్రలేమికి కారణమిది.

ఆ కాగితం చదవాలంటే మన ప్రాంత చరిత్ర కొంత తెలియాలి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుండి ఆవిరి ఓడలు బంగాళాఖాతం దాటి మనవారిని రంగూనుకు చేర్చేవి. ఊళ్ళలో దానిని 'రంగం వెళ్ళడం' అనేవారు. కరువు వచ్చినా, అప్పు పెరిగినా, ఇంట్లో మాటామాటా వచ్చినా రంగమే. మరికొందరు కంగాణీల వెంట మలయా తోటలకు వెళ్ళారు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీల తరలింపును ఆపివేసింది. 1941 డిసెంబరులో జపాను సేనలు మలయాలో దిగాయి, రంగూను మీద బాంబులు పడ్డాయి. బర్మా నుండి లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు, దారిలో వేలమంది రాలిపోయారు. మలయాలో ఉన్నవారికి ఆ దారి కూడా లేదు. తోటల నుండి ఎందరినో సయాం-బర్మా రైలుమార్గం పనికి తోలుకొనిపోయారు. ఉత్తరాలు ఆగిపోయాయి.

బర్మాలో మనవారిని 'కోరంగీ' అనేవారు, మలయాలో 'కెలింగ్' అనేవారు. ఒకటి మన గోదావరి తీరపు కోరంగి రేవు పేరు, రెండవది కళింగం పేరు. ఈనాడు రెండవ మాట అక్కడ తిట్టుగా వాడుకలో ఉందని మా మనుమరాలు బాధపడింది. శ్రీముఖలింగం కేంద్రంగా ఏలిన రాజ్యం పేరు అలా మిగిలింది.

ఆ పదకొండింటిలో ఒకదాని దగ్గర నా వేలు ఆగింది. ఇంటిపేరు, ఊరి పేరు, 'సికాకోలు', 'గంజాం జిల్లా' అని ఉంది. చెప్పినది దాదాపు ఎనభై ఏళ్ళ స్త్రీ, తన తండ్రి ఊరు అని. వారి పిల్లలు గంజాం అంటే ఒడిశా అనుకొని ఆ రాష్ట్రంలో చాలాకాలం వెదికించారట. దొరకదు. చికాకోల్ తాలూకా 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేది. ఒడిశా ఏర్పడినపుడు విశాఖపట్నం జిల్లాలో కలిపారు. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. కాబట్టి ఆ మనిషి 1936కు ముందే వెళ్ళాడన్న మాట. ఆయన తన జ్ఞాపకంలో జిల్లాను కూడా అలాగే ఉంచుకొన్నాడు.

ఆ ఊరు మాకు మూడు కోసుల దూరం. ఆ ఇంటిపేరువారు మా తండ్రిగారి నాటి నుండి మాకు యజమానులు.

మా నాన్నగారు తాను చేయించిన కర్మలను పంచాంగం అంచులలో ముత్యాల వంటి అక్షరాలతో వ్రాసుకొనేవారు. ఆ పంచాంగాలన్నీ అటక మీద ఉన్నాయి. రెండు రోజులు దులిపాను. మన్మథ నామ సంవత్సరం, అంటే 1955, ఆశ్వయుజ బహుళ ఏకాదశి. ఆ ఇంటిపేరు, పక్కన 'పాలాశవిధి' అని ఉంది.

ఈ విధి గురించి ఈ తరంవారికి తెలియకపోవచ్చు. దేశాంతరం పోయి పన్నెండేళ్ళు దాటినా జాడ తెలియనివానికి, మూడువందల అరవై మోదుగాకుల కాడలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ జరిపిస్తారు. ఎన్నేళ్ళు ఆగాలన్న దానిపై స్మృతులలో భేదాలున్నాయి. నాన్నగారు ఆ ఇంటివారి చేత పధ్నాలుగేళ్ళు ఆగించారని లెక్కనుబట్టి తెలుస్తోంది. చివరి ఉత్తరం 1941లో వచ్చిందట. ఇంకొక సంగతి శాస్త్రంలో ఉంది. అలా కర్మ చేసిన తర్వాత ఆ మనిషి సజీవంగా తిరిగి వస్తే ఏమి చేయాలి? నేతిలో స్నానం చేయించి, జాతకర్మ మొదలుకొని సంస్కారాలన్నీ మళ్ళీ చేసి, అతని భార్యతోనే అతనికి మళ్ళీ వివాహం చేయాలి. కాల్చి నీళ్ళు వదిలినవాని కోసం కూడా తలుపు గడియ పెట్టకుండా ఉంచింది శాస్త్రం.

ఆయనకు భార్య ఉన్నది. ఆ సంగతి ఆ ఊరు వెళ్ళాక తెలిసింది.

ఇంటి పెద్ద డెబ్బైఎనిమిదేళ్ళ రైతు. వెళ్ళిపోయినాయన ఈయనకు పెదనాన్న. 1934లో పెళ్ళైన మరుసటి ఏడాదే అప్పుల వల్ల వెళ్ళాడట. పెద్దమ్మకు అప్పుడు పదహారేళ్ళు. పిల్లలు లేరు. తోబుట్టువుల పిల్లలను పెంచి, పొలం చూసి, ఆ ఇంట్లోనే 1993లో పోయింది. మోదుగ బొమ్మ కాల్చిన రోజున ఈయన ఎనిమిదేళ్ళవాడు. ఆ రోజు గాజులు తీయించారు. "ఆవిడ నమ్మనేదండి. నెల తిరిగాక పోలిపాడ్యమొచ్చింది. అందరూ ఏట్లో దీపాలొదిలినారు. మా పెద్దమ్మ రెండు దొప్పలు పట్టుకెళ్ళమంది నన్ను. ఒకటి ఒదిలీసి, రెండోది ఇంకొంచెం లోనికి దిగి ఒదిలింది. ఇదెవరికి పెద్దమ్మా అనడిగితే, దారి కనపడద్ది గదరా అంది. పోయినదాకా ఏటేటా రెండు దీపాలే" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి. మా మనుమరాలి చేతిలో ఒక ఫోటో ఉంది. అందులో ఆయన, అక్కడ చేసుకొన్న భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. యుద్ధానంతరం అక్కడే ఒక తెలుగు కుటుంబంలో పెళ్ళి చేసుకొన్నాడు. 1979లో మరణించాడు. ఇంటికి ఉత్తరాలు వ్రాయించాననీ, జవాబు రాలేదనీ అనేవాడని కూతురు చెబుతోంది. ఏ ఉత్తరమూ రాలేదని వీరంటున్నారు. ఎవరిది నిజమో తేల్చగలవారెవరూ మిగలలేదు. కాని ఇక్కడొక స్త్రీ అరవై ఏళ్ళు ఎదురుచూసింది. పన్నెండేళ్ళలో ఒక్కసారి కాకపోతే మరొకసారి, ఎవరో ఒకరి చేత కబురు పంపవలసినది. ఆయన చేసినది తప్పు. పితృదేవత అయినవాని గురించి ఈ మాట వ్రాయడానికి నాకు సంకోచం ఉంది, కాని వ్రాయకపోతే ఆ రెండవ దీపానికి అన్యాయం చేసినట్లవుతుంది.

దారిలోనే మనుమరాలితో అన్నాను, "ఇది చూపించాలా వద్దా, నీవే ఆలోచించుకో" అని. అది చాలాసేపు కారు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "మాటిచ్చాను తాతగారూ" అంది. సంతోషకరమైన కబురు మోసుకొని వస్తున్నాననుకొన్న పిల్ల అది.

పెద్దాయన ఫోటోను రెండు చేతులతో పట్టుకొని చూశాడు. ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, గోడకున్న పెద్దమ్మ పటం ముందు నిలబడి వచ్చాడు. తర్వాత నన్ను అడిగినది ఒక్కటే. "బాబుగారూ, ఇప్పుడు మైల ఉంటదా?"

ఏడాది దాటిన తర్వాత జ్ఞాతి మరణవార్త వింటే స్నానమాత్రం చేత శుద్ధి అని మనువు చెప్పాడు. చెప్పాను. అప్పటికప్పుడే నాగావళికి బయలుదేరాడు. ఎండ నడినెత్తిన ఉంది, ఏట్లో మోకాలి లోతు నీళ్ళు. కూర్చుని మునిగాడు. నాన్నగారు చేయించిన కర్మ వృథా అయిందా అని నన్ను నేను అడుగుకొంటూ గట్టున నిలబడ్డాను. జవాబు తోచలేదు. ఆ కర్మ వలన పోయినవానికి ఏమి చేరిందో భగవంతునికి తెలియాలి. ఆ రోజున గాజులు పోగొట్టుకొన్నామె మాత్రం దానిని అంగీకరించలేదు.

తడిబట్టలతో వచ్చి గట్టున కూర్చున్నాక, వచ్చే మహాలయ పక్షంలో శ్రీకూర్మంలో శ్వేతపుష్కరిణి దగ్గర పెదనాన్నకు, పెద్దమ్మకు కలిపి పిండప్రదానం చేయించమన్నాడు. అక్కడి భార్య పేరు కూడా కనుక్కోమన్నాడు. "ఆవిడ పేరూ చెప్పండి. ఆవిడేటి చేసింది పాపం" అన్నాడు.

తర్వాత మా మనుమరాలి వైపు తిరిగి, "ఆయన కూతురిది ఏ ఏడు పుట్టుక?" అని అడిగాడు. 1946 అని చెప్పింది. వేళ్ళ మీద లెక్క వేసుకొని, "అయితే నాకంటే ఏడాది పెద్ద. అక్కవుతుంది" అన్నాడు. అది ఫోను తీసి అప్పుడే కలిపింది. అక్కడ మధ్యాహ్నం మూడు గంటలు. తెరమీద ఒక ముసలమ్మ కళ్ళజోడు సవరించుకొంటూ కనిపించింది. ఇద్దరూ కొంతసేపు ఒకరినొకరు చూస్తూ ఉండిపోయారు. చివరికి ఆవిడే, మన ఊళ్ళలో కూడా వినపడని పాత యాసలో, "ఏటి తమ్ముడా, ఏట్లో తానమాడినావేటి, తల తుడుసుకోనేదు?" అంది.

మిగిలిన పది పేర్లు మా మనుమరాలి దగ్గరున్నాయి. ఇప్పుడది రాత్రిళ్ళు నిద్రపోతోంది. ఆదివారాలు మాత్రం వెంట వెళ్ళిన పిల్లలతో కలిసి ఊళ్ళు తిరుగుతోంది.